సీమలో ఏముందత్తా అన్నావు కదా చిట్టీ

నంద్యాల

చిట్టీ,

మీ నాయనకు మోకాలి నొప్పి కొంచెం తగ్గింది. మెట్లెక్కొద్దని డాక్టరు చెప్పినా వింటేనా! పొద్దున్నే మిద్దె మీదికి పోయి గువ్వలకు నూకలు చల్లి వస్తాడు. నేను చెప్తే చెవికెక్కదు. నువ్వే ఒకసారి ఫోన్లో గట్టిగా చెప్పు, నీ మాటైతే కాదనడు. చలి శివరాత్రికే శివశివా అంటూ వెళ్లిపోయింది. పది గంటలకల్లా వాకిట్లో బండలు కాలుతున్నాయి. నీకిష్టమని ఊరమిరపకాయలు పెట్టాను. ఈ ఎండకు గలగలా ఎండుతున్నాయి.

నీ ఉత్తరం మొన్న అందింది. కొచ్చిలో బినాలే కళాప్రదర్శన చూశానని, ఫోర్ట్ కొచ్చి నుంచి మట్టాంచేరి దాకా కాళ్లు లాగేట్టు తిరిగానని, పడవెక్కి వైపిన్ దీవికి పోయి అక్కడొక చిత్రకారుడి ఇంట్లో చాయ్ తాగి, ఆయన రంగులు కలుపుతుంటే చూస్తూ కూచున్నానని రాశావు. చదువుతుంటే నేనే పోయొచ్చినంత సంతోషం కలిగింది. ఆ చాయ్ తాగిన ముక్క మళ్లీ మళ్లీ చదివాను. గోడకు తగిలించిన బొమ్మ చూసి వచ్చేసేవాళ్లు చాలామంది. వేసే మనిషి పక్కన కూచునేవాళ్లు తక్కువ. నీకు ఆ బుద్ధి ఉంది. అది పోగొట్టుకోకు.

కానీ చివర్లో ఒక మాట రాశావు చూడు, "మన సీమలో ఏముందత్తా, ఎండా బండలూ తప్ప" అని. అక్కడ నా మనసు చివుక్కుమంది. కోపం కాదులే. నీకు ఎవరు చూపించారు గనక! ఇంటర్ అయ్యేదాకా నిన్ను కోచింగుల చుట్టూ తిప్పారే గానీ, ఒక్క శిల్పి ముంగిట్లో, ఒక్క మగ్గం గుంట పక్కన నిలబెట్టినవాళ్లు లేరు. డిజైన్ చదువుకని బెంగళూరు పోయాక సముద్రం పక్క ఊళ్లు చూశావు, దీవులు చూశావు. మంచిదే. ఇప్పుడు ఉగాది సెలవులకు వస్తానంటున్నావు కాబట్టి, ఆ సెలవుల్లో ఏం చూడాలో, ఎట్లా చూడాలో నేను రాస్తాను. విసుక్కోకుండా చదువు.

ముందు ఒక సంగతి గుర్తు పెట్టుకో. నువ్వు చూసొచ్చిన ఆ బినాలే మొదలైంది 2012 డిసెంబరు 12న. బోస్ కృష్ణమాచారి, రియాస్ కోము అనే ఇద్దరు చిత్రకారులు పూనుకున్నారు. సుగంధ ద్రవ్యాల వ్యాపారం జరిగిన ఆ పాత గోదాములు అంతకుముందూ అక్కడే ఉన్నాయి. ఆ సముద్రమూ అక్కడే ఉంది. బొమ్మలు చూడ్డానికి ఇక్కడికి రావచ్చని ఎవరో చెబితే జనం కదిలారు. మన దగ్గర అట్లా చెప్పినవాళ్లు లేరు, అంతే తేడా. పనిచేసే చేతులకు మన సీమలో ఏనాడూ కరువు లేదమ్మా. మన దగ్గర స్టూడియోకు బోర్డు ఉండదు, గ్యాలరీకి టికెట్టు ఉండదు. పని జరిగే పంచలోకి చెప్పులు విడిచి పోవాలి, పలకరించాలి, కాసేపు కూచోవాలి. నీకు అది వచ్చు.

ఇంటికి దగ్గర కాబట్టి ముందు ఆళ్లగడ్డకు పో. కడప బస్సెక్కితే గంట ప్రయాణం. అహోబిలం పోయేటప్పుడు ఆ ఊరి మీదుగా చిన్నప్పటి నుంచి పోతూనే ఉన్నావు. కారు అద్దంలోంచి చూసి ఉంటావు, రోడ్డు పక్కన వరసగా విగ్రహాలు, సగం చెక్కిన నందులు, మొహం ఇంకా తేలని అమ్మవార్లు, వాళ్ల పక్కనే చెయ్యెత్తి నిలబడ్డ రాజకీయ నాయకులు. ఎప్పుడైనా దిగావా? ఎవరూ దిగరు.

నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు హైస్కూలు పిల్లలను అక్కడికి తీసుకుపోయేదాన్ని. అక్కడొక పెద్ద శిల్పి ఉండేవాడు. పిల్లలు రాగానే మాటలేమీ చెప్పేవాడు కాదు. పెద్ద రాయి దగ్గరికి పిలిచి, చెవి ఆనించమని, సుత్తితో మెల్లగా తట్టేవాడు. గంట మోగినట్టు ఖంగుమంటే అది పురుష శిల. కంచు తాళంలా సన్నగా పలికితే స్త్రీ శిల. తట్టినా పలకకపోతే నపుంసక శిల. దేవుడి విగ్రహానికి మొదటిది, అమ్మవారికీ పీఠానికీ రెండోది, పునాదిలోకి మూడోది. శిల్పశాస్త్రంలో ఉన్న మాటే గానీ, పుస్తకంలో చదివితే ఏమర్థమవుతుంది? పిల్లలు రాయికి చెవి ఆనించి, కళ్లు పెద్దవి చేసుకుని ఒకరి మొహాలొకరు చూసుకునేవాళ్లు. రాయికి గొంతు ఉంటుందని వాళ్లకు అప్పుడు తెలిసింది. నిజం చెప్పాలంటే నాకూ అప్పుడే తెలిసింది.

ఇంకోటి చూడు. బడిలో నేను మనిషి బొమ్మ నేర్పేటప్పుడు ఏడున్నర తలల కొలత చెప్పేదాన్ని. మాకు ట్రైనింగులో నేర్పింది అదే. అక్కడ వాళ్లు తాళమానం అంటారు. నుదుటి మీది జుట్టు మొదలు నుంచి గడ్డం దాకా మొహం కొలత ఒక తాళం. దాన్ని పన్నెండు అంగుళాలుగా చేస్తారు. టేపు అంగుళం కాదిది, ఆ విగ్రహానికే సరిపోయే అంగుళం. నవతాళం విగ్రహమంటే తొమ్మిది మొహాల ఎత్తు, అంటే 108 అంగుళాలు. చేతిలోకి ఇమిడే బొమ్మకైనా నిలువెత్తు మూర్తికైనా అదే లెక్క. నువ్వు కాలేజీలో ప్రపోర్షన్ అని తెగ చదువుతున్నావు కదా, నోటుబుక్కు తీసుకుపోయి ఆ గీతలు వాళ్ల చేత గీయించుకో. రాతి మీద మొదటి గీత గీసేటప్పుడు చూడు. నిలువునా మధ్యగీత ఒకటి గీస్తారు, ఇక మిగతాదంతా దాన్ని బట్టే.

అక్కడ ఇప్పుడు ఉలి చప్పుడు తగ్గింది, కట్టరు మోత జాస్తి అయింది. దాన్ని తప్పు పట్టకు. ఆర్డరు త్వరగా ఇవ్వకపోతే వాళ్లకు పూట గడవదు. కానీ ఆ రాతిపొడి ఊపిరితిత్తుల్లోకి పోతే సిలికోసిస్ వస్తుంది. దానికి నయం చేసే మందు లేదు. చాలామంది మొహానికి తువ్వాలు చుట్టుకుని పనిచేస్తారు, అది చాలదు. నువ్వు పోయేటప్పుడు స్వీట్లు, బిస్కెట్లు పట్టుకుపోకు. మంచి ఎన్95 మాస్కులు ఒక పెట్టె కొనుక్కుని పో. ఇచ్చి ఊరుకోకుండా పెట్టుకోమని అడుగు. చిన్నపిల్ల అడిగితే కాదనరు. నువ్వు కూడా పెట్టుకో, నీకు చిన్నప్పటి నుంచి దగ్గు.

ఆళ్లగడ్డలో నువ్వు చేయాల్సిన అసలు పని ఇది. ఆ పెద్ద విగ్రహాలు ఏయే ఊళ్లకో పోయి గుళ్లలో నిలబడతాయి. కింద బండ మీద దాత పేరు చెక్కిస్తారు, ప్రారంభించిన పెద్దమనిషి పేరు చెక్కిస్తారు. చెక్కినవాడి పేరు మాత్రం ఉండదు. కొచ్చిలో ప్రతి బొమ్మ పక్కనా చీటీ ఉందని, పేరు, ఏడు, ఏ ఊరు అన్నీ ఉన్నాయని రాశావు కదా. మన దగ్గర ఆ చీటీ లేదు తల్లీ. కాబట్టి ఎవరి దగ్గరికి పోయినా ముందు పేరడుగు, ఎవరి దగ్గర నేర్చుకున్నారో అడుగు, రాసుకో. ఫొటో తీసే ముందు అడిగి తీయి. ఆ ఫొటో ఎక్కడ పెట్టినా పేరుతోనే పెట్టు.

బేతంచెర్ల బండల సంగతి, కడప నల్లబండ సంగతి నీకు నేను చెప్పాలా? వాటి మీదే పాకావు, వాటి మీదే అష్టాచెమ్మా గీసుకుని ఆడావు. వాటిని కోసి, నునుపు చేసి వస్తువులు చేసే షెడ్లు బేతంచెర్లలో ఉన్నాయి, వీలైతే చూడు. కోడుమూరులో గద్వాల చీరలు నేస్తారు. ఒంటికి నూలు, అంచుకూ కొంగుకూ పట్టు, ఆ రెంటినీ మగ్గం మీదే కలుపుతారు. గుంట మగ్గంలో కాళ్లు దించుకుని కూచున్న మనిషి పక్కన కాసేపు కూచుంటే చాలు, చీర ధర ఎక్కువని ఇక ఎప్పుడూ అనవు. ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప 1938లో పెట్టిన చేనేత సహకార సంఘం కథ మీ నాయనకు బాగా తెలుసు, భోజనాల దగ్గర అడుగు. మోకాలి నొప్పి మర్చిపోయి చెప్తాడు.

ఇప్పుడు నిమ్మలకుంట గురించి రాస్తాను. ఇది తొందరగా చదివేయకు.

ధర్మవరం పక్కన చిన్న ఊరు అది. తోలుబొమ్మలు చేసేవాళ్ల ఊరు. ఇంట్లో మరాఠీ మాట్లాడుకుంటారు, తెర వెనక కూచుంటే రంగనాథ రామాయణం ద్విపదలు తెలుగులో గొంతెత్తి పాడతారు. తరాల కిందట మహారాష్ట్రం వైపు నుంచి వచ్చిన కుటుంబాలు. మన తెలుగు రామాయణాన్ని ఊరూరా మోసినవాళ్లలో వాళ్లూ ఉన్నారు. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ఇచ్చారు.

నా చిన్నప్పుడు మీ జేజి ఊర్లో వాన కురవని ఏడు బొమ్మలాట ఆడించేవాళ్లు. విరాటపర్వం ఆడితే వాన వస్తుందని సీమ నమ్మకం. ఆ రాత్రి ఊరంతా బొంతలు, చాపలు మోసుకొచ్చి బయల్లో కూచునేది. ఆముదం దీపాల కాలం అప్పటికే పోయింది, పెట్రోమాక్సు లైటు పెట్టేవాళ్లు. తెల్ల పంచె తెర మీద భీముడు నిలువెత్తు మనిషంత వచ్చి నిలబడేవాడు. మధ్యలో జుట్టుపోలిగాడు, బంగారక్క వచ్చి కొట్టుకుంటుంటే ముసలివాళ్లు కూడా పొట్ట పట్టుకుని నవ్వేవాళ్లు. కీచకుణ్ణి చంపే ఘట్టం వచ్చేసరికి తెల్లారుజాము. నేను మీ జేజి ఒళ్లో నిద్రపోయి ఆ మోతకే లేచేదాన్ని.

పెద్దయ్యాక, ఉద్యోగం వచ్చాక, నిమ్మలకుంటకు పోయి ఒక హనుమంతుణ్ణి కొన్నాను. ఎంతో ముచ్చటపడి, టౌన్లో మంచి ఫ్రేము కట్టించి, అద్దం వేయించి, హాల్లో పడమటి కిటికీ ఎదురుగా తగిలించాను. కొన్నేళ్లకే ఎండ తగిలి ఎరుపు వెలిసింది, పచ్చ బూడిదరంగుకు దిగింది. వేడికి తోలు ముడుచుకుని అద్దానికి అతుక్కుపోయింది. అంతకంటే పెద్ద తప్పు ఇంకోటి చేశాను. ఆ బొమ్మకు వెలుగు వెనక నుంచి రావాలి, నేను వెనక అట్ట వేయించాను! డ్రాయింగ్ టీచరునై ఉండీ, అది వెలుగు దాటి రావాల్సిన బొమ్మ అని నాకు తట్టలేదు. నువ్వు కొంటే కిటికీకి దూరంగా పెట్టు, వెనకాల చిన్న బల్బు పెట్టు, రాత్రి పూటే వెలిగించు. అప్పుడు తెలుస్తుంది హనుమంతుడంటే ఎవరో.

అక్కడికి పోయినప్పుడు బొమ్మ తయారయ్యే పద్ధతి మొదటి నుంచి చూడు. మేకతోలును శుభ్రం చేసి, లాగి కట్టి ఎండబెడితే అప్పడంలా పలచబడుతుంది. ఎత్తి పట్టుకుంటే అవతలి చెయ్యి మసగ్గా కనిపిస్తుంది. ముందు బొమ్మ గీత గీస్తారు. తర్వాత చిన్న చిన్న ఉలులతో, కింద చెక్క పెట్టి, నగలున్నచోటల్లా చిల్లులు కొడతారు. కిరీటం, భుజకీర్తులు, వడ్డాణం, కాలి అందెలు, ఒక్కోదానికి ఒక్కో రకం చిల్లు. గుండ్రటిది, కంటి ఆకారంది, నెలవంకలాంటిది. తోలు మీద చూస్తే అవి ఉత్త రంధ్రాలే. తెర వెనక దీపం వెలిగించగానే అవే రత్నాలు. రంగుతో నగ గీస్తే తెర మీద నల్లగా కనిపిస్తుంది, అందుకే నగను వెలుగుతో చేస్తారు. ఎవరు కనిపెట్టారో ఆ ఉపాయం, తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

చేతులు, కాళ్లు, తల విడివిడిగా చేసి దారంతో ముడివేస్తారు. నడుమ వెదురు బద్ద. ఆడించే మనిషి రెండు చేతులతో రెండు బొమ్మలు పట్టుకుని, నోటితో పాడుతూ, కాలితో కింద చెక్క మీద తొక్కి చప్పుడు చేస్తాడు. ఒక ఘట్టమైనా ఆడి చూపమని అడుగు. ఊరికే అడగకు, దానికి ఇంత అని ముందే మాట్లాడి ఇవ్వు. ఇప్పుడు ఆట ఆడించేవాళ్లు తగ్గి, ఎక్కువమంది లాంప్‌షేడ్లు, గోడబొమ్మలు చేసి బతుకుతున్నారు. దాన్ని చిన్నచూపు చూడకు. ఆ లాంప్‌షేడ్ల మీద వచ్చే డబ్బులతోనే పిల్లలు ఉలి పట్టడం నేర్చుకుంటున్నారు.

ఈ తోలుబొమ్మల వంశాల నుంచే సురభి నాటకం పుట్టిందని నీకు తెలుసా? కడప జిల్లాలో, చక్రాయపేట వైపు, సురభి అని ఊరుంది. 1885లో అక్కడ వనారస వంశం వాళ్లు బొమ్మలు పక్కన పెట్టి, తామే వేషాలు కట్టి కీచకవధ ఆడారు. సురభి నాటకాలు మొదలైంది ఆ ఊర్లోనే, ఆ ఊరి పేరుతోనే. మగవాళ్లే ఆడవేషాలు కట్టే కాలంలో వాళ్ల ఇంటి ఆడవాళ్లు స్టేజీ ఎక్కారు. హైదరాబాదులో మాయాబజార్ చూసి, ఘటోత్కచుడు లడ్డూలు మింగుతుంటే చప్పట్లు కొట్టావే, దాని పుట్టిల్లు మన కడప జిల్లా.

శ్రీకాళహస్తి కొంచెం దూరమైనా పోయి రావాల్సిందే. నీ ఉత్తరంలో ఇంకో ముక్క ఉంది కదా, కలంకారీ బొమ్మలు స్కాన్ చేసి, బెంగళూరులో గుడ్డ మీద ప్రింట్ కొట్టించి, ఆన్‌లైన్లో అమ్ముదామని నువ్వూ నీ స్నేహితురాలూ అనుకుంటున్నారని. ఆ మాట నాకు నచ్చలేదు చిట్టీ. మొహమాటం లేకుండా చెప్తున్నా, ఆ పని చేయొద్దు. శ్రీకాళహస్తి కలంకారీకి భౌగోళిక గుర్తింపు ఉంది. దేశంలో మొదట్లో ఆ గుర్తింపు పొందినవాటిలో అదొకటి. అక్కడ, ఆ పద్ధతిలో చేసినదానికే ఆ పేరు పెట్టి అమ్మాలి. చట్టం మాట పక్కన పెట్టు. ముందు నువ్వు పోయి చూడు. చూశాక కూడా ప్రింట్ కొట్టించాలనిపిస్తే అప్పుడు నన్నడుగు.

ఏం చూస్తావో చెప్తాను. నూలు గుడ్డను కరక్కాయ పొడి కలిపిన బర్రెపాలలో ముంచి ఆరేస్తారు. పాల జిడ్డు వల్ల రంగు అటూ ఇటూ పాకదు. చింతబరికెలు కాల్చిన బొగ్గుతో మొదటి గీత. కలం అంటే వెదురు పుల్ల. మొన పైన ఉన్ని చుట్టి దారం కట్టి ఉంటుంది, ఆ ఉన్ని తాగిన రంగును వేళ్లతో నొక్కుతూ వదలాలి. నలుపు కోసం తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో వేసి రోజుల తరబడి పులియబెడతారు. దాన్ని కసిం అంటారు. కుండలో చూస్తే అది పలచటి గోధుమరంగు నీళ్లు. కరక్కాయ పట్టిన గుడ్డ మీద కలం ఆనగానే నీ కళ్ల ముందే నల్లబడుతుంది. ఎరుపు కావాల్సిన తావుల్లో పటిక నీళ్లు రాసి, మంజిష్ఠలాంటి వేళ్లు, చెక్కలు వేసి ఉడికిస్తే, పటిక ఉన్న మేరకే ఎరుపు పట్టుకుంటుంది. తర్వాత పారే నీళ్లలో ఉతకాలి. నిలవ నీళ్లయితే వదిలిన రంగు మళ్లీ గుడ్డకే అంటుతుంది. స్వర్ణముఖిలో నీళ్లు పారిన రోజులే వాళ్లకు పనిరోజులు. నది ఎండితే ఏం చేస్తున్నారో అడుగు, నీళ్లకు ఎంత ఖర్చవుతోందో అడుగు. ధర అక్కడి నుంచి మొదలవుతుంది.

ఈ విద్య ఒకప్పుడు పోయినట్టే అనుకున్నారు. కమలాదేవి చటోపాధ్యాయ పట్టుదలతో 1950ల్లో అక్కడ శిక్షణ కేంద్రం పెట్టాక మళ్లీ ఊపిరి పోసుకుంది. ఆ ఊరి జొన్నలగడ్డ గుర్రప్పశెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది. పెడనలో చెక్క అచ్చులతో అద్దేది కూడా కలంకారీయే, అదీ గొప్ప పనే, కానీ వేరు. రెండూ కలిపేసి మాట్లాడకు. ఇక షాపుల్లో కలంకారీ అని అమ్మే మిషన్ ప్రింటు గుడ్డ ఈ రెండూ కాదు. గీత ఒక్క వెంట్రుకవాసి కూడా తేడా లేకుండా సాగితే, ఒకే బొమ్మ పదిచోట్ల అచ్చంగా ఒకేలా ఉంటే అది చేతిపని కాదు. కలం గీత ఒకచోట లావు, ఒకచోట సన్నం అవుతుంది. రంగు మళ్లీ నింపుకున్న తావు వేలితో చూపించగలుగుతావు.

నీలం రంగు దగ్గర మాత్రం కాసేపు ఆగు. ఒకప్పుడు మన కడప నీలిమందుకు లండన్ బజారులో పేరుండేది. ఆ నీలి పైరు పెరిగిన నేల మీద పుట్టి "ఏముందత్తా" అంటున్నావు!

సరే సరే, ఇక అనను. మొహం ముడుచుకోకు.

తిరిగొచ్చేటప్పుడు రైల్వే కోడూరు దగ్గర శెట్టిగుంటలో ఎర్రచందనం బొమ్మలు చెక్కేవాళ్లున్నారు. చూడు, నచ్చితే కొను. కానీ బిల్లు లేకుండా చిన్న బొమ్మైనా తీసుకోకు. ఎర్రచందనం మన శేషాచలం, నల్లమల, వెలికొండల చుట్టుపక్కల తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెరగదు. కొయ్య అటవీశాఖ అనుమతితో రావాలి. తక్కువకిస్తామని రోడ్డు మీద ఎవరైనా పిలిస్తే అటు తిరిగి కూడా చూడకు. ఈ విషయంలో నీ మొహమాటం నాకు భయం.

పాత బొమ్మలు కూడా చూడాలనుంటే ఒక రోజు కడపలో ఉండు. భగవాన్ మహావీర్ మ్యూజియంలో జిల్లాలో దొరికిన శిల్పాలు పెట్టారు. ఎండ తగ్గాక పుష్పగిరికి పోతే పెన్న ఒడ్డున గుడి గోడలే నీకు పుస్తకం. 2020లో కడపలో లలితకళల యూనివర్సిటీ కూడా వచ్చింది, అక్కడి పిల్లలతో మాట్లాడు. నీ వయసువాళ్లు, ఇక్కడే ఉండి బొమ్మలు వేస్తున్నవాళ్లు. వాళ్లకు గోడలు లేవు తగిలించడానికి. ముద్దనూరు దగ్గర చింతకుంట గుండ్ల మీద ఎవరో ఆదిమ కాలంలో వేసిన ఎద్దులు, జింకలు ఎరుపూ తెలుపుల్లో ఇప్పటికీ ఉన్నాయి. అక్కడికి ఒంటరిగా పోవద్దు, ఊరివాళ్లను తోడు తీసుకుని పో. బొమ్మల మీద చెయ్యి వేయకు, నీళ్లు చల్లి ఫొటో తీయకు. లేపాక్షి పైకప్పు బొమ్మలు నువ్వు చూసినవే. ఈసారి మెడ నొప్పి అనకుండా వాటిలోని చీర అంచులు మాత్రం కాపీ దించుకుని రా. పదహారో శతాబ్దపు అంచులు అవి. మీ కాలేజీ లైబ్రరీలో దొరకవు.

డబ్బు సంగతి. బేరం ఆడొద్దు. నీ దగ్గర లేకపోతే చిన్నది కొను, లేకపోతే కొనకు, కానీ తగ్గించమని అడగకు. కొచ్చిలో కాఫీకి ఎంత పెట్టావో నాకు రాశావు, గుర్తుందా? చేయించుకునేది ఉంటే సగం ముందే ఇవ్వు, గడువు వాళ్లనే చెప్పమను, రోజూ ఫోన్ చేసి సతాయించకు. మధ్యలో ఎవరైనా "నేను తక్కువకు ఇప్పిస్తా" అని వస్తే, నమస్కారం పెట్టి నేరుగా పనిచేసేవాళ్ల ఇంటికి పో. వాళ్లింట్లో సంగటి పెడితే కాదనకు. నీకు రాగిసంగటి గొంతు దిగదని తెలుసు. అయినా తిను.

నీ స్నేహితురాలిని కూడా తీసుకురా. ఇద్దరూ కలిసి అమ్మాలనే ఉంటే, ప్రింటు మాట మాని, చేసినవాళ్ల పేరుతో, వాళ్లు చెప్పిన ధరకు, వాళ్ల వస్తువునే అమ్మండి. లాభం తక్కువే వస్తుంది. దానికి నేను కూడా కొంత పెట్టుబడి పెడతాను. నా పెన్షన్లోంచి నగలు చేయించుకునే వయసా నాది!

ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌కు టికెట్టు చేసుకో. అది ధర్మవరం మీదుగానే వస్తుంది, అక్కడ దిగిపోదామని నీకు బుద్ధి పుడుతుందని నాకు తెలుసు. దిగొద్దు. ముందు ఇంటికి రా, నాలుగు రోజులు నిద్రపో, ఉగ్గాని బజ్జీ తిను, ఉగాది పచ్చడి తిను, అప్పుడు బయల్దేరుదువు. తిరిగేది పొద్దున పది లోపల, సాయంత్రం నాలుగు తర్వాత. టోపీ నామోషీ అయితే చున్నీ కప్పుకో. నీళ్ల సీసా రెండు. సాయంత్రం ఆఖరి బస్సు ఎప్పుడో ఊర్లో దిగగానే కనుక్కో.

నిమ్మలకుంటకు మాత్రం నేనూ వస్తాను. ఆ హనుమంతుణ్ణి ఫ్రేములోంచి విప్పించి పెట్టాను, బాగు చేయడానికి వీలవుతుందేమో అడగాలి. దారి ఖర్చులకు చాలకపోతే మీ నాయనను అడగొద్దు, నాకు రాయి.

ఇట్లు,
మీ అత్త